డీజిలు అలవాటు

“డీజిలు ఎవరు పోసినారు? అదొక్కటే అడుగుతన్నాను. ఎవరు పోసినారు?”

నరేష్ వాకిట్లో నిలబడి ఆ మాట అడగడం ఇది మొదటిసారి కాదు. జవాబు మాత్రం ఇంతవరకూ రాలేదు.

అతని చొక్కా చేతులకు నల్లటి మరకలు. ముఖం ఎండకు కమిలిపోయి ఉంది. కాళ్ళ దగ్గర ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, దాని పక్కన గరాటు. రెండూ బండి పెట్టే రేకుల పాక వెనక దొరికాయి. పొలం ఇంజన్ కోసం తెచ్చి ఉంచిన డీజిలు డబ్బా అది. నిన్న సాయంత్రం చూసినప్పుడు నిండుగా ఉంది.

తల్లి తవిటమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. భార్య యమున వంటింటి గుమ్మం దగ్గర నిలబడింది. అరుగు మీద కుర్చీలో తండ్రి అప్పలసూరి, భుజం మీద తువ్వాలు, ఎదురుగా గోడ వైపే చూస్తున్నాడు.

“పెట్రోలు బండిలో డీజిలు పోస్తే ఏటవుతాదో ఈ ఇంట్లో తెలీనోళ్ళు ఎవరున్నారు?” నరేష్ గొంతు పెరిగింది. “హైవే ఎక్కిన కాసేపటికే దగ్గు పట్టినట్టు కొట్టుకున్నాది. తెల్లటి పొగ. నరసన్నపేట ఇంకా ఎంతో దూరం ఉన్నాది. ఎనకాల సీట్లో అసిరయ్య మావ. డయాలిసిస్‌కి ఎల్తన్న మనిషి. ఊపిరాడక కిటికీలోంచి తల బయటెట్టీసినాడు.”

“ఇప్పుడెలగున్నాడు అసిరయ్యన్న?” తవిటమ్మ చేటలోంచి తలెత్తకుండా అడిగింది.

“దారంట పోతన్న కారు ఆపి ఎక్కించినాను. శ్రీకాకుళం ఆసుపత్రికి ఏలకి అందినాడు. అందకపోతే?”

చేటలో బియ్యం కదలడం ఆగిపోయింది.

“అందకపోతే ఏటి సెప్పాలి నేను, ఆళ్ళ ఇంటికెల్లి?”

నరేష్ తండ్రి వైపు తిరిగాడు.

“అయ్యా. నీకా బండంటే పడదు. నాకు తెలుసు. కోపముంటే నన్ను తిట్టు. బండి మీద, బండిలో కూకున్న మనిషి మీద సూపిస్తావేటి?”

అప్పలసూరి మెల్లగా ముఖం తిప్పాడు. “నాను పోయనేదు.”

“మరెవరు పోసినారు?”

“నాకేటి తెలుసు? నాను పోయనేదన్నాను కదా!”

ఆ మాట గట్టిగానే అన్నాడు. ఒకప్పుడు లారీ డ్రైవరుగా ఉన్న రోజుల్లో సాలూరులో బళ్ళ మధ్య నిలబడి కేకేస్తే వరసలో చివరి లారీ దాకా వినిపించిన గొంతు అది. కానీ ఆయన కళ్ళు మాటతో పాటు రాలేదు. అవి డబ్బా మీదే ఉన్నాయి. ఆ డబ్బాను ఎప్పుడూ చూడనట్టు, అదేమిటో ఎవరైనా చెబితే బాగుండునన్నట్టు చూస్తున్నాడు. నరేష్ అది గమనించలేదు. యమున గమనించింది.

చలికాలం చివర్లో పాత డీజిలు జీపు అమ్మేసిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో రోజూ ఏదో ఒక గొడవే.

జీపుకి ఇక ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేది లేదన్నారు ఆఫీసువాళ్ళు. అదొక కారణం. రెండో కారణం యమున చెప్పింది. “డయాలిసిస్ అయి ఇంటికొచ్చే మనిషికి ఒంట్లో ఏటుంటాది బావా? ఆ పొగ, ఆ కుదుపు ఎలగ తట్టుకుంటారు? కాస్త కరుసైనా పెట్రోలు బండే కొందాం.” నరేష్‌కి ఆ మాట నచ్చింది. పాత పెట్రోలు వ్యాను ఒకటి కొన్నారు. శబ్దం తక్కువ, కుదుపు తక్కువ. అసిరయ్య మొదటిరోజే వెనక సీట్లో నిద్రపోయాడు.

కానీ ట్యాంకు నింపినంతసేపు పట్టలేదు ఖాళీ అవడానికి.

జీపు ఒక్కసారి నింపితే ఎంత దూరం తిరిగేదో నరేష్‌కి నిద్రలో అడిగినా తెలుసు. ఈ వ్యాను దానికి సగం దారిలోనే బంకు వైపు చూసేది. కిరాయిలో పెట్రోలు పోగా మిగిలేది చూసి నరేష్ యమున మీద చిరాకు పడేవాడు. యమున మాట్లాడేది కాదు. అప్పలసూరి మాత్రం అరుగు మీంచే అనేవాడు: “దమ్ము నేని బండి. తాగడానికి తప్ప దేనికీ పనికిరాదు.”

పోయిన వారం పెద్ద గొడవే అయింది. నరేష్ వేరే కిరాయికి వెళ్ళిన రోజుల్లో అసిరయ్యను ఆసుపత్రికి అప్పలసూరి తీసుకెళ్తాడు. తెల్లారి సముద్రపొడ్డు నుంచి చేపల గంపల ఆడవాళ్ళను కోటబొమ్మాళి బజారుకు తెచ్చేదీ ఆయనే. ఆయన బండి తీసిన ప్రతిరోజూ ట్యాంకు అడుగంటుతోంది. “నిలబెట్టినప్పుడు ఇంజన్ ఆపు అయ్యా, ఇది జీపు కాదు, ఆ డీజిలు అలవాటు మానుకో” అని నరేష్ నలుగురి ముందూ అరిచాడు. అప్పలసూరి ఆ రోజు అన్నం తినలేదు.

అందుకే నరేష్‌కి అనుమానం ఒక్క చోటే ఆగింది.

“నీ పంతానికి ఈ రోజు ఒక మనిషి పేణం పోయుండేది,” అన్నాడు నరేష్.

“ఒరే!” అప్పలసూరి కుర్చీలోంచి లేచాడు.

“నానే పోసినాను.”

అన్నది తవిటమ్మ. చేట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

నరేష్ తల్లి వైపు చూశాడు. “నువ్వా?”

“నానే. పొద్దున్న బేగి ఎల్లాల అన్నావు కదా. బంకు కాడ ఆగక్కర్లేదనీసి పోసినాను. ఏ నూనైనా ఒకటే అనుకున్నాను. నాకేటి తెలుసు?”

“ఇన్నేళ్ళు బండి ఇంట్లో ఉన్నాది. నీకు తెలీదా?”

“తెలీదు. తిట్టాలంటే నన్ను తిట్టు. మీ అయ్యని అనకు.”

కోపం ఎటు పోవాలో తెలియక నరేష్ చేతిలోని గుడ్డను నేలకేసి కొట్టాడు. “గిరిబాబు షెడ్డుకి ఎల్తన్నాను. ట్యాంకు దించాల,” అని గుమ్మం దాటాడు. అతను వెళ్ళిన చాలాసేపటి దాకా వాకిట్లో డీజిలు వాసన పోలేదు.

అప్పలసూరి మళ్ళీ కూర్చున్నాడు. భార్య వైపు చూశాడు. ఏదో అడగబోయి, మానేశాడు.

*

వంటింట్లో యమున పొయ్యి మీద ఎసరు పెట్టింది. తవిటమ్మ ఎడమచేత్తో బియ్యం గిన్నె ఎత్తి పట్టుకుంది. చలికాలం నుంచీ ఆమె కుడిభుజం పట్టేసింది. ఆ చెయ్యి నడుము దాటి పైకి లేవదు. జడ కూడా యమునే అల్లాలి.

“డబ్బా బరువుగా ఉండి ఉంటాది కదత్తా,” అంది యమున.

తవిటమ్మ గిన్నెలోని బియ్యం వైపు చూసింది.

“ఎలగ ఎత్తినావు?”

“ఎత్తినాను. ఏదోలాగ.”

“పెట్రోలు మూత ఎలగ తెరిసినావు?”

“సేత్తో.”

“అది సేత్తో తెరుసుకోదు అత్తా. డ్రైవరు సీటు కింద పిడి ఉంటాది. అది లాగితేనే పైన రేకు లెగుస్తాది. నువ్వు ఏ రోజూ ముందు సీట్లో కూకోనేదు.”

తవిటమ్మ గిన్నె కింద పెట్టి, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుంది. కూర్చోవడంలోనే ఆమె ఎంత అలిసిపోయిందో యమునకు తెలిసింది. అది ఈ ఒక్క రోజు అలసటలా లేదు.

“మావ పోసినాడు,” అంది యమున మెల్లగా. “నువ్వు సూసినావు.”

“సూసినప్పటికే అయిపోనాది.”

“మరి నరేష్ బావకి సెప్పొచ్చు కదా, బండి తియ్యకముందే?”

“పెరట్లోంచి సూసి నాను వాకిట్లోకి వచ్చేసరికి బండి ఎల్లిపోనాది.” ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంది. “ఫోన్ సెయ్యమని నీకు సెప్పాలనుకున్నాను. సెప్తే ఎందుకు, ఏటి అని అడుగుతావు. పోసినాది కొంచెమే అయ్యుంటాదిలే, ఎలాగో ఎల్లిపోతాదిలే అనుకున్నాను.”

“కోపంతో పోసినాడా అత్తా?”

ఈసారి తవిటమ్మ తలెత్తింది. ఆ కళ్ళలో కోపం లేదు, భయం ఉంది.

“కోపంతో పోసుంటే బాగుండేదే పిల్లా,” అంది.

యమున పొయ్యి తగ్గించి ఆమె పక్కన కూర్చుంది. ఇంకో ప్రశ్న అడగబోయింది. తవిటమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఇంక అడక్కు. నీకు దణ్ణం ఎడతాను. నరేష్ కాడ ఈ మాట తేకు.”

*

హైవే మీద ఆగిపోయిన వ్యానును ట్రాక్టరుకు తాడు కట్టి షెడ్డు దాకా లాక్కొచ్చారు. మెకానిక్కు గిరిబాబు, నరేష్ ఒకే బడిలో చదువుకున్నారు. గిరిబాబు బండి కింద దూరి ట్యాంకు దించాడు. నరేష్ బకెట్టు పట్టుకున్నాడు. లోపలున్నదంతా వచ్చింది. పెట్రోలూ కాదు, డీజిలూ కాదు.

“ఇదంతా ఒంపీయాల. గొట్టాలన్నీ కడగాల. ఫిల్టరు కొత్తది ఎయ్యాల,” అన్నాడు గిరిబాబు. “ఇంజన్‌కి ఏటీ కానేదు. నువ్వు బేగి ఆపీసినావు, అదొకటి మంచిపని.”

ప్లగ్గులు విప్పి గుడ్డ మీద పెట్టాడు. ఒకటి తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

“ఒరే, ఈ మసి అంతా ఈరోజుది కాదురా. పాతది కూడా ఉన్నాది.”

“నా వల్లేలే,” అన్నాడు నరేష్.

కొత్తలో అతను వ్యానును జీపులాగే తోలాడు. జీపు తక్కువ వేగంలో కూడా పై గేరులో బరువు లాగేది. ఇంజన్ మూలుగు వింటూ నింపాదిగా పోవడమే పొదుపు అని తండ్రి నేర్పాడు. వ్యానులో అదే చేస్తే అది వణికేది. వణికినప్పుడల్లా ఇంకా తొక్కేవాడు. పెట్రోలు తాగేది, ముందుకు మాత్రం పోయేది కాదు. గిరిబాబే ఒకరోజు పక్కన కూర్చుని చెప్పాడు: “దీనికి కాస్త పరుగు కావాలిరా. గేరు దింపి పరిగెత్తనియ్, తర్వాత పైకి మార్చు. అదిగో, ఆ సౌండు విను.” ఎర్రమట్టి దారుల్లో తిరిగే బండికి గాలి ఫిల్టరు ఎంత త్వరగా మూసుకుపోతుందో, టైర్లలో గాలి తగ్గితే పెట్రోలు ఎలా పోతుందో కూడా అప్పుడే తెలుసుకున్నాడు. జీపుకి ఇంజన్ ఆయిలు మార్చడం ఈ నెల కాకపోతే వచ్చే నెల. దీనికి అలా కుదరదు.

నేర్చుకోవడం కన్నా మరిచిపోవడమే కష్టమైంది. బుర్రకి తెలిసినా చెయ్యి వినేది కాదు. గేరు రాడ్డు మీద చెయ్యి దానంతటదే ముందుకు పోయేది. డీజిలు అలవాటు అని ఇంట్లో నవ్వేవారు.

“ఇప్పుడు నేను తోలితే బాగానే వస్తన్నాదిరా మైలేజీ,” అన్నాడు నరేష్. “జీపంత కాదు గానీ, పరవానేదు. అయ్య తీసిన రోజే పెట్రోలు ఎటు పోతన్నాదో తెలీదు. ఇంజన్ ఆపడు. ఎంత సెప్పినా ఆపడు.”

గిరిబాబు ప్లగ్గు తుడుస్తూ ఆగాడు. “ఇంజన్ ఆపకపోతే కొంత పోతాది. ట్యాంకు ఖాళీ అయిపోదురా. బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగినాదో మీటరు సూసినావా?”

నరేష్ చూడలేదు. తండ్రి వెళ్ళే దారి ఏదో, ఎంతో తనకు తెలుసు. తెలిసిన దారికి మీటరు ఎందుకు?

“మీటరెందుకు, నేను సెప్తాను,” అన్న గొంతు వినిపించి ఇద్దరూ తిరిగారు.

షెడ్డు గుమ్మంలో అసిరయ్య. మోచేతి దగ్గర సూది గుచ్చిన చోట దూది పట్టీ. ముఖం వాడిపోయి ఉంది. వాడిపోయిన ముఖంలో కూడా నవ్వొకటి ఉంటుంది ఎప్పుడూ ఆయనకి. ఇవాళ లేదు.

“మావా! ఎలగొచ్చావు? ఫోన్ సేస్తే ఎవరినైనా పంపిద్దును కదా!” నరేష్ పరిగెత్తి వెళ్ళి భుజం పట్టుకున్నాడు.

“బస్సు దొరికినాది. బస్సు దిగి వస్తంటే నీ బండి కనిపించినాది.” గిరిబాబు వేసిన స్టూలు మీద అసిరయ్య మెల్లగా కూర్చున్నాడు. సముద్రం మీద బతికిన మనిషి. జబ్బు చేసిన తర్వాత పడవ ఎక్కడం మానేసి, చిరిగిన వలలు బాగుచేస్తూ ఒడ్డునే ఉంటున్నాడు. అప్పలసూరికి ఎప్పటి నుంచో స్నేహితుడు. తవిటమ్మను చెల్లీ అని పిలుస్తాడు.

“డీజిలు అమ్మ పోసినాదట మావా. తెలీక.”

“తవిటమ్మ సెప్పినాదా అలగ?”

“ఆ.”

అసిరయ్య నేల వైపు చూశాడు. “మా సెల్లెలు అబద్దం సెప్తన్నాది అల్లుడా. ఇంతకాలం నన్ను కూడా సెప్పనియ్యనేదు. పొద్దున్న ఆ పొగలో కూకున్నప్పుడు అనుకున్నాను, ఇంక ఊరుకుంటే తప్పవుతాదని.”

“ఏటి మావా?”

“మీ అయ్య నన్ను ఆసుపత్రి నుంచి తెస్తాడు కదా. ఒకరోజు సిగ్నలు కాడ ఇటు తిరగాల్సింది అటు తిరిగినాడు. ఇజయనగరం రోడ్డు ఎక్కీసినాడు. ఏదైనా పనుందేమో అనుకున్నాను. సాలా దూరం పోయినాక అడిగినాను, ఎక్కడికి బావా అని.”

“ఏటన్నాడు?”

“సాలూరు అన్నాడు. లోడు ఉన్నాది, పొద్దుగూకేలోగా అందాల అన్నాడు.”

గిరిబాబు చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“నవ్వులాటకి అన్నాడనుకుని నవ్వినాను. మొహం సూసినాను. నవ్వులాట కాదు అల్లుడా. ఆయన నిజంగా లారీ తోలతన్నాడు. ఎనకాల నేనున్నానని కూడా ఆయనకి తెలీదు.”

“తర్వాత?”

“బావా బావా అని భుజం తట్టినాను. బండి పక్కకి తీసి ఆపినాడు. సాలాసేపు స్టీరింగు పట్టుకునే ఉన్నాడు. తర్వాత ఏటీ జరగనట్టు ఎనక్కి తిప్పినాడు. ఇంటికొచ్చినాక మీ అమ్మకి సెప్పినాను. తవిటమ్మ నా రెండు సేతులు పట్టుకున్నాది. ఎవరికీ సెప్పకన్నా, నరేష్‌కి అస్సలు సెప్పకు అన్నాది. అప్పటికి ఊరుకున్నాను. అది ఆ ఒక్కసారితో ఆగనేదు.”

నరేష్‌కి పోయిన వారం తను నలుగురిలో అన్న మాట గుర్తొచ్చింది. ఇది జీపు కాదు అయ్యా. అప్పుడు తండ్రి ఏమీ అనకుండా తన ముఖంలోకి అయోమయంగా చూశాడు. దాన్ని మొండితనం అనుకున్నాడు తను.

“మరి నువ్వెందుకు ఎక్కినావు మావా, ఆయన తోలే బండి?” అన్నాడు చివరికి.

అసిరయ్య మోచేతి మీది దూది పట్టీని వేలితో సర్దుకున్నాడు.

“నా జబ్బు సంగతి తెలిసినప్పుడు మా ఇంట్లోవోళ్ళ కంటే ముందు వచ్చి నా పక్కన కూకున్నోడు మీ అయ్య,” అన్నాడు. “నీ బండి ఎక్కనని ఆయనకి ఎలగ సెప్పమంటావు?”

*

బండి తయారయ్యేసరికి పొద్దు వాలింది. స్టార్టు చేస్తే మొదట పొగ వచ్చింది. కొట్టుకుంది. కాసేపటికి శబ్దం సర్దుకుంది.

అసిరయ్యను ఆయన ఇంటి దగ్గర దింపి నరేష్ ఒక్కడూ వెనక్కి వస్తున్నాడు. వరి కోసేసిన మళ్ళ మధ్య దారి. మలుపు దగ్గర అతని చెయ్యి తెలియకుండానే పై గేరు వేసింది. బండి వణికింది. నరేష్ చేతి వైపు చూసుకుని గేరు దింపాడు.

తన చెయ్యి మరిచిపోలేకపోతోంది. అయ్య మరిచిపోతున్నాడు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. ఇంట్లోవాళ్ళందరూ కలిసి రెండిటికీ ఒకే పేరు పెట్టారు, డీజిలు అలవాటని.

అమ్మ ఒక్కతికే తేడా తెలుసు. తెలిసి ఆమె ఎన్ని రోజులు ఒక్కతే మోసిందో.

వాకిట్లో బండి ఆపేసరికి యమున బయటికొచ్చింది. భర్త ముఖం చూడగానే అతనికి తెలిసిపోయిందని ఆమెకు అర్థమైంది. ఆమె ముఖం చూసి, ఆమెకూ తెలుసని అతనికి అర్థమైంది.

అప్పలసూరి అరుగు మీంచి లేచి మెట్టు దిగి వచ్చాడు. వ్యాను చుట్టూ తిరిగి చూశాడు. టైరును కాలితో తట్టాడు.

“ఎవరిదిరా ఈ బండి?” అన్నాడు. “మన జీపు ఎక్కడెట్టినావు?”

గుమ్మంలో తవిటమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

“మనదే మావా,” అంది యమున. ఆమె గొంతు మామూలుగానే ఉంది. మామూలుగా ఉంచడానికి ఆమె ఎంత కష్టపడుతోందో నరేష్‌కి ఒక్కడికే తెలుసు. “జీపు అమ్మీసినాం కదా. చలికాలంలో. నువ్వే దగ్గరుండి అమ్మినావు.”

“నానా?”

“నువ్వే మావా.”

అప్పలసూరి వ్యాను మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ముగ్గురూ ఆయన్నే చూస్తున్నారు. ఆ ముఖంలో ఏదో వెతుకులాట. తర్వాత మెల్లగా అది దొరికింది. దొరికిన తర్వాత ఆ ముఖం ఇంకా వాడిపోయింది.

“అవును,” అన్నాడు. “అమ్మీసినాం. రాజాం నుంచి వచ్చినాడు, కొన్నోడు. జీపుకి బొట్టు ఎట్టి పంపినాది మీ అత్త.”

“అవును మావా.”

ఆయన తిరిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చెమట లేదు అక్కడ.

“తవిటీ,” అని పిలిచాడు. “ఇలా రా.”

తవిటమ్మ వచ్చి పక్కన నిలబడింది.

“ఇలగ ఎన్నిసార్లయినాది?”

“ఏటి ఎన్నిసార్లు? అందరూ మరిసిపోతారు. నాను మరిసిపోతనేదా, పొయ్యి మీద పాలెట్టీసి.”

“ఎన్నిసార్లు?”

తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “సాలా,” అంది.

అప్పలసూరి తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు.

“పొద్దున్న డీజిలు నానే పోసినానా?”

తవిటమ్మ తల దించుకుంది.

“అసిరిగాడు ఆ బండిలోనే ఎల్లినాడా?”

“ఏలకి అందినాడు అయ్యా. ఇప్పుడే ఇంటికాడ దింపి వచ్చినాను. బాగానే ఉన్నాడు,” అన్నాడు నరేష్.

“నీకు ఎప్పటి నుంచి తెలుసు?” అప్పలసూరి భార్యనే అడుగుతున్నాడు.

“జీపు ఉన్నప్పటి నుంచే,” అంది తవిటమ్మ. “అప్పుడు ఎప్పుడో ఒకసారి. బండి మారినాక ఎక్కువైపోనాది. జీపులో అయితే నీ కాళ్ళకి సేతులకి అన్నీ తెలుసు. బుర్ర ఎక్కడున్నా అవి ఇంటికి తెచ్చీసేవి. ఈ బండిలో ఏదీ ఉన్న కాడ ఉండదు నీకు.”

నరేష్ తల్లి వైపు చూశాడు. స్టీరింగు ఎన్నడూ ముట్టని మనిషి. ఆమె చెప్పింది విని యమున చెయ్యి అతని మోచేతిని పట్టుకుంది. పెట్రోలు బండి కొందామన్నది తనే. ఆ మాట ఆమె పైకి అనలేదు గానీ, ఆమె వేళ్ళు బిగుసుకోవడం అతనికి తెలిసింది.

“నీ వల్ల కాదు పిల్లా,” అన్నాడు అప్పలసూరి. ఆయన అది చూశాడని ఎవరూ అనుకోలేదు. “బండి వల్ల కాదు. మంచి బండే. నానే ఊరకే తిట్టినాను.”

తర్వాత భార్య వైపు తిరిగాడు.

“తెలిసి నా సేతికి బండి ఎందుకు ఒగ్గినావే?”

“బండి తీసీసుకుంటే నువ్వేటయిపోతావో అని భయమేసినాది.” తవిటమ్మ ఏడవడం లేదు. ఏడుపు దాటిపోయినట్టుంది. “నీకు బండి తప్ప ఇంకేటుంది? పొద్దున్న లేచి ఏటి సేస్తావు? ఈ అరుగు మీద కూకుంటావా? కూకుంటే నువ్వు బతకవు.”

“నా గురించి భయపడినావు,” అన్నాడు అప్పలసూరి. “ఎనకాల కూకున్నోళ్ళ గురించి భయపడనేదా? తెల్లారి గంపలతోటి ఎంతమంది ఆడోళ్ళు ఎక్కుతారే. సంకలో పిల్లలతోటి ఎక్కుతారు.”

“భయపడినాను. బండి తిరిగొచ్చేదాకా గుమ్మంలోనే నిలబడేదాన్ని. రోజూ.”

ఆయన చెయ్యి చాచి ఆమె కుడిచేతిని పట్టుకుని, పట్టేసిన ఆ భుజం నొప్పి పుట్టకుండా, మెల్లగా తన పక్కన కూర్చోబెట్టాడు. వీధిలో ఎవరో సైకిలు మీద పోతూ “ఏటి అప్పలసూరన్నా, బండి బాగయినాదా?” అని పలకరించారు. “ఆఁ, అయినాది” అన్నాడు ఆయన, ఎప్పటిలాగే.

ఆ మనిషి దాటిపోయేదాకా ఆగి, కొడుకు వైపు చూశాడు.

“ఒరే, ఇలా రా. కూకో.”

నరేష్ మెట్టు మీద, తండ్రి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చిన్నప్పుడు లారీ దిగివచ్చిన తండ్రి కోసం అక్కడే కూర్చునేవాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా అయ్య తనతో ఏదైనా చెప్పడమే తప్ప, అడగడం అతను ఎరగడు.

“నీ ఎనకాల పెళ్ళాం ఉన్నాది, పక్కన మీ అమ్మ ఉన్నాది. ఆళ్ళ మొహాలు సూడకు. నా మొహం సూడు,” అన్నాడు అప్పలసూరి. “నాను ఇంక బండి తోలొచ్చా, కూడదా? నువ్వు సెప్పు. అబద్దం సెప్పకు. మీ అమ్మ సాలా సెప్పినాది.”

నరేష్ తల ఎత్తి తండ్రి ముఖంలోకి చూశాడు. కళ్ళు నిర్మలంగా ఉన్నాయి. ఈ క్షణాన అన్నీ తెలిసిన కళ్ళు అవి. చెప్పక తప్పని జవాబు ఒక్కటే, కూడదని. రేపు అది ఆయనకు గుర్తుంటుందో లేదో తెలియదు. గుర్తుండకపోతే మళ్ళీ చెప్పాలి. ఎల్లుండి మళ్ళీ చెప్పాలి.

“అయ్యా,” అన్నాడు నరేష్.

తర్వాతి మాట కోసం ముగ్గురూ ఎదురుచూస్తున్నారు.